గదులు టైముకి రెడీ కావడం లేదా? ముందు దుప్పట్లు లెక్కపెట్టండి

ఒడిశాలో బరంపురం, గోపాలపూర్, రాయగడ వైపు లాడ్జీలు నడిపేవాళ్ళ నుంచి నాకు వచ్చే ఫోను ఎక్కువగా ఒకటే. "స్టాఫ్ అస్సలు పని చెయ్యట్లేదండీ. మధ్యాహ్నం రెండయినా గదులు రెడీ కావు. కస్టమర్లు సామాన్లతో రిసెప్షన్‌లో కూర్చుని తిడుతున్నారు. మంచి కుర్రాళ్ళెవరైనా ఉంటే పంపండి." ఈ లైన్లో ఇరవై ఏళ్ళు దాటింది నాకు. రూమ్ బాయ్‌గా మొదలుపెట్టి, సూపర్‌వైజర్‌గా, మేనేజర్‌గా చేశాను. ఇలా పిలిచిన చోటికి వెళ్ళి చూస్తే, కుర్రాళ్ళని మార్చాల్సిన అవసరం నిజంగా ఉన్నది చాలా తక్కువ చోట్ల.

20 నుంచి 50 గదుల లాడ్జీ, కింద చిన్న హోటలు ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. జీతం టైముకి పడుతోంది, వారానికో సెలవు ఇస్తున్నారు, ఒక మనిషి మీద రోజుకి 12 నుంచి 15 గదులకు మించి పెట్టడం లేదు అనుకుంటున్నాను. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ముందు దాన్ని సరిచేసుకోండి. అంతవరకూ కింద రాసినవి పనికిరావు.

అందరూ వదిలేసే చెక్

ఒక్క రోజు, ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా, ఒకే ఒక్క రూమ్ బాయ్ వెనక నడవండి. చేతిలో చిన్న కాగితం, పెన్ను, గడియారం చాలు. అతను గదిలోకి వెళ్ళిన టైమ్ రాయండి, బయటికి వచ్చిన టైమ్ రాయండి. బయటికి ఎందుకు వచ్చాడో రెండు ముక్కల్లో రాయండి. మందలించొద్దు, సలహా ఇవ్వొద్దు. నిఘా పెట్టారని అతను అనుకోకుండా, "పని ఎక్కడ ఆగుతోందో చూద్దామని వచ్చాను తమ్ముడూ" అని ముందే చెప్పండి.

ఇంత తేలికైన పని చెయ్యమంటే పది మందిలో ఒక్కరు చేస్తారు. మిగిలినవాళ్ళు రిసెప్షన్‌లో కూర్చుని సీసీ కెమెరా చూస్తారు. కెమెరాలో మనిషి మెట్ల మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది, ఎందుకు కూర్చున్నాడో కనిపించదు. అక్కడే మొత్తం తప్పు జరుగుతుంది.

ఖాళీ అయిన గదిని పూర్తిగా రెడీ చెయ్యడానికి 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది. కస్టమరు ఉన్న గదిని సర్దడానికి 15, 20 నిమిషాలు. మీ కాగితం మీద గదిలో గడిచిన టైమ్ అంతే ఉండి, రోజు మొత్తం మీద గదులు మాత్రం తక్కువ అయ్యాయంటే, పోయిన టైమంతా గదికి బయట పోయిందన్నమాట. నడకలోనో, ఎదురుచూపులోనో. ఆ రెండింటికీ కారణం మనిషి బద్ధకంలో వెతక్కండి.

లక్షణం: కొన్ని రోజులు బాగానే చేస్తారు, కొన్ని రోజులు గదులు తేలవు

ముందు తేలికైన కారణం చూడండి. గది ఖాళీ అయిందని రిసెప్షన్ నుంచి పైకి కబురు వెళ్తోందా? చాలా చోట్ల కస్టమరు తాళం కౌంటరు మీద పెట్టి వెళ్ళాక అరగంటకి గానీ పైవాళ్ళకి తెలియదు. తాళం చేతికి రాగానే ఫోన్ చెయ్యాలి. ఏ గది ఏ టైముకి ఖాళీ అయిందో ఒక పలక మీద రాసి మెట్ల దగ్గర పెట్టండి. దీనికింతే.

కబురు టైముకి వెళ్తున్నా గదులు ఆలస్యమవుతుంటే, నన్ను బాగా దెబ్బకొట్టిన కారణం దగ్గరికి వస్తాం. దుప్పట్లు చాలకపోవడం.

బరంపురంలో బస్టాండుకి దగ్గర్లో ఒక 32 గదుల లాడ్జీలో మేనేజరుగా ఉన్న రోజుల మాట. అన్నీ డబుల్ గదులే. హౌస్ కీపింగ్‌లో ముగ్గురు. వాళ్ళలో సోంపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఆరేళ్ళుగా చేస్తోంది. మామూలు రోజుల్లో పన్నెండు కాకుండా గదులన్నీ రెడీ. పెళ్ళి ముహూర్తాలున్న రోజుల్లో మాత్రం రెండు దాటేది. యజమాని మధ్యాహ్నం పన్నెండుకి వచ్చేసరికి ముగ్గురూ మెట్ల మీద కూర్చుని ఉండేవారు. "రద్దీ ఉన్న రోజే కూర్చుంటారేం?" అని ఆయన కోపం. నాకూ అలాగే అనిపించింది.

ఒకరోజు 207 తలుపు వెనక అటక మీద నాలుగు పిల్లో కవర్లు, రెండు దుప్పట్లు మడతపెట్టి పాత దిండు కింద దాచి ఉన్నాయి. ఆ ఫ్లోరు ఆవిడది. పిలిచి అడిగాను. "దాచకపోతే పై ఫ్లోరోళ్ళు పట్టుకుపోతారు బాబూ. రేపు నా గదులకి నేనేటి వెయ్యను?" అంది. నేను ఆ మాట వినిపించుకోలేదు. దొంగతనం కింద లెక్కేసి, నాలుగు రోజుల్లో పనిలోంచి తీసేశాను. కొత్తగా ఇద్దరిని పెట్టాను. తర్వాతి ముహూర్తం రోజున కొత్తవాళ్ళు కూడా అదే మెట్ల మీద, అదే టైముకి కూర్చున్నారు.

ఆ రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. రెండేళ్ళ కింద కొన్నవి 96 డబుల్ దుప్పట్లు. గదికి ఒకటి చొప్పున అన్ని గదులకీ సరిపడేవి ఒక సెట్ అనుకుంటే, ఇవి సరిగ్గా మూడు సెట్లు. మంచాల మీద 32 ఉన్నాయి. ధోబీ దగ్గర 24. అల్మారాలో ఉతికి ఇస్త్రీ చేసినవి 9. చిరిగిపోయి, మరకలు పోక గోనెసంచిలో పడేసినవి 14. మిగతా 17 అసలు లేవు. కాగితం మీద మూడు సెట్లు, వాడకంలో ఉన్నవి 65, అంటే రెండు సెట్లే.

పొద్దున 8 నుంచి 10 లోపల పెళ్ళివాళ్ళు 18 గదులు ఖాళీ చేశారనుకోండి. అల్మారాలో ఉన్నవి 9. పదకొండుకల్లా తొమ్మిది గదులూ అయిపోతాయి. మిగతా తొమ్మిదింటినీ ఊడ్చి, తుడిచి, బాత్రూమ్ కడిగి ఉంచుతారు. పరవడానికి దుప్పటి లేదు. ధోబీ మూట వచ్చేది ఒంటిగంటన్నరకి. అప్పటిదాకా ఆ ముగ్గురూ ఎక్కడ కూర్చుంటారు? మెట్ల మీదే.

ఈ కారణం ఎందుకు దొరకదంటే, సగం గదులే నిండిన రోజు రెండు సెట్లూ హాయిగా సరిపోతాయి. బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది, దాదాపు నెల రోజులు ఊరంతా జనమే. చైత్రంలో మంగళవారాలు దగ్గర్లోని తారాతారిణి గుడికి పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చేవాళ్ళు ముందురోజు రాత్రే దిగుతారు. ఇక పెళ్ళిళ్ళ సీజను సరేసరి. ఇలాంటి రోజుల్లోనే లోటు బయటపడుతుంది. వానాకాలంలో గదులు పెద్దగా నిండకపోయినా బయటపడుతుంది, ఎందుకంటే ధోబీ దగ్గర మూట ఆరదు. చూసేవాళ్ళకి మాత్రం "మూడ్ బాగుంటే చేస్తారు, లేకపోతే లేదు" అనిపిస్తుంది. యజమాని ఆ మాట అన్నాడంటే నేను అల్మారా తాళం చెవి అడుగుతాను.

తెలుసుకునే గుర్తులు ఇంకా ఉన్నాయి. ఎప్పుడూ పై ఫ్లోరు గదులే ఆలస్యమవుతాయి, ఎందుకంటే కింది ఫ్లోరు వాళ్ళు అల్మారా దగ్గరికి ముందు చేరతారు. "టవల్ తర్వాత తెచ్చిస్తానండీ" అని రోజూ ఎవరో ఒక కస్టమరుకి చెబుతుంటారు. రెండు దిండ్లకి రెండు రంగుల కవర్లు కనిపిస్తాయి. అటకల మీద, పరుపుల కింద, వాటర్ ట్యాంకు గదిలో మడతపెట్టిన బట్టలు దొరుకుతాయి. అన్నిటికంటే ఘోరమైనది, పాత దుప్పటినే తిరగేసి పరచడం. ఒక రాత్రే ఉన్నారు కదా, మరక లేదు కదా అని మొదలవుతుంది. ఇది మొదలైతే లాడ్జీ పేరు పోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. వాళ్ళు అలా చేస్తున్నారంటే తప్పు వాళ్ళ మీద తోసే ముందు, ఆ పూట చేతికి ఉతికిన దుప్పటి అందిందో లేదో అడగండి.

ఇంకో సంగతి. సెట్లు తగ్గేకొద్దీ ఉన్నవి త్వరగా పాడవుతాయి. గదులన్నీ నిండి, రోజూ మార్చే చోట మూడు సెట్లుంటే ఒక్కో దుప్పటి మూడు రోజులకోసారి ఉతుకుకి వెళ్తుంది. రెండే ఉంటే రోజు విడిచి రోజు. ఇస్త్రీ వేడి ఆరకముందే మళ్ళీ పరుస్తారు. నూలు దారానికి విశ్రాంతి ఉండదు, అంచులు పిగులుతాయి. అలా ఒక లోటు ఇంకో లోటుని తెస్తుంది.

ఏం చెయ్యాలి

రాత్రి పదింటికి, రాకపోకలు ఆగాక, అన్నీ ఒకేసారి లెక్కపెట్టండి. మంచాల మీద ఎన్ని, అల్మారాలో ఎన్ని, ధోబీ పుస్తకంలో ఎన్ని, పనికిరానివి ఎన్ని. ఈరోజు అల్మారా, రేపు ధోబీ అంటే లెక్క కుదరదు, ఒకే దుప్పటి రెండుసార్లు వస్తుంది. దాచినవి కూడా బయటికి తెమ్మనండి, ఎవరినీ ఏమీ అనను అని ముందే మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. మొదటిసారి అడిగినప్పుడు సగమే వస్తాయి. వారం పోయాక మిగతావి వాటంతటవే అల్మారాలోకి చేరతాయి.

ఎన్ని కావాలో లెక్క తేలికే. మంచం మీద ఒకటి, అల్మారాలో ఒకటి, ధోబీ దగ్గర ఎన్ని రోజులు ఉంటే అన్ని. మర్నాడే తెచ్చిస్తే మూడు సెట్లు. రెండో రోజు తెస్తే నాలుగు. వానాకాలానికి ఇంకొకటి చేతిలో ఉండాలి. పెద్ద హోటళ్ళలో దీన్నే పార్ అంటారు, మూడు నుంచి అయిదు పార్ దాకా పెట్టుకుంటారు. పిల్లో కవర్లు, టవళ్ళు కూడా ఇలాగే విడివిడిగా లెక్క వెయ్యండి. దుప్పట్లు సరిపోయి టవళ్ళు చాలకపోయినా గది ఆగినట్టే.

అన్నీ కొనేసే ముందు ధోబీ టైమ్ మార్చి చూడండి. ఒంటిగంటన్నరకి వచ్చే మూట తొమ్మిదిన్నరకి వస్తే, చాలా చోట్ల సగం సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది. ఇందుకు ధోబీకి కొంచెం ఎక్కువ ఇవ్వాల్సి వచ్చినా ఇవ్వండి. మురికివి ఇచ్చేటప్పుడు, ఉతికినవి తీసుకునేటప్పుడు ఇద్దరూ లెక్కపెట్టి పుస్తకంలో సంతకాలు చెయ్యాలి. ఒకే ధోబీ నాలుగైదు లాడ్జీలకి ఉతుకుతాడు, మూటలు కలిసిపోవడం సహజం. అందుకని దుప్పటి అంచు మీద చెరగని సిరాతో లాడ్జీ గుర్తు, కొన్న సంవత్సరం వెయ్యండి. డబుల్‌కి ఒక మూల నీలం దారం, సింగిల్‌కి ఎర్ర దారం కుట్టిస్తే, మడత విప్పకుండానే ఏదేమిటో తెలుస్తుంది. రోజుకి ఎన్నిసార్లు మడతలు విప్పి మళ్ళీ వేస్తారో ఒకసారి చూస్తే ఈ దారం విలువ అర్థమవుతుంది.

ప్రతి ఫ్లోరుకీ సొంత అల్మారా, సొంత తాళం ఉండాలి. ఆ ఫ్లోరుకి మర్నాటి లెక్క రాత్రే సర్ది పెట్టాలి. పగలు ఇంకేమైనా కావాలంటే, మురికిది ఒకటి ఇచ్చి ఉతికినది ఒకటి తీసుకోవాలి. ఈ పద్ధతి పెట్టిన రెండో వారానికే దాచుకోవడం ఆగిపోతుంది, ఎందుకంటే ఇక దాచాల్సిన భయం ఉండదు.

కనిపించకుండా పోయిన ఆ 17 ఏమయ్యాయో కూడా చెబుతాను. రెండు జనరేటర్ మీద కప్పి ఉన్నాయి. ఒకటి వాచ్‌మన్ మంచం మీద. మూడు తడిగుడ్డలై పోయాయి. మిగతావి ధోబీ మూటల్లో ఎక్కడో కలిసిపోయాయి. కస్టమరు పట్టుకుపోయాడని తేలింది ఒక్కటీ లేదు. స్టాఫ్ ఇంటికి తీసుకెళ్ళిందని తేలింది కూడా లేదు. తర్వాత ఆవిడని వెతుక్కుంటూ వెళ్ళాను. గోపాలపూర్‌లో బీచ్ వైపు ఒక హోటల్లో చేరింది. "తప్పు నాదమ్మా, లెక్క చూడకుండా నిన్ను అనేశాను" అన్నాను. కూర్చోమని టీ తెప్పించింది గానీ తిరిగి రాలేదు. ఆరేళ్ళ అనుభవం ఉన్న మనిషి. ఏ గదిలో ఏ కుళాయి కారుతుందో, ఏ కిటికీ గొళ్ళెం పడదో ఆవిడకే తెలుసు. అవన్నీ మళ్ళీ తెలుసుకోవడానికి మాకు నెలలు పట్టింది.

మరకల గురించి రెండు మాటలు, ఎందుకంటే గోనెసంచిలో పడేసిన ఆ 14 లో చాలావరకు మరకలవే. పెళ్ళివాళ్ళ పసుపు ఉతికి ఎండలో ఆరేస్తే చాలావరకు పోతుంది. పారాణి మొండిది, ఆ దుప్పట్లు వేరుగా పెట్టి ధోబీకి చూపించి ఇవ్వండి. మేడ మీద ఇనుప తీగకి ఆరేస్తే తుప్పు మరక పడుతుంది, సముద్రం గాలికి గోపాలపూర్‌లో ఇది ఇంకా ఎక్కువ. దాని మీద బ్లీచింగ్ వేస్తే మరక ఇంకా గట్టిపడుతుంది. తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి.

లక్షణం: రూమ్ ఆర్డర్లు ఆలస్యం, వేరే గదికి వెళ్ళిపోవడం

1936లో ఒడిశా ఏర్పడి గంజాం మద్రాసు నుంచి విడిపోయినా, బరంపురం హోటళ్ళలో ఇప్పటికీ తెలుగు, ఒడియా కలిసే వినిపిస్తాయి. వంట మాస్టరు ఇచ్ఛాపురం వైపు మనిషి, సప్లయర్ అస్కా కుర్రాడు, ఫోను ఎత్తేవాడు హిందీ. కిచెన్‌లో పొయ్యి హోరులో ఒడియా సాత (ఏడు), ఆఠ (ఎనిమిది) ఒకలాగే వినిపిస్తాయి. 207కి వెళ్ళాల్సిన టిఫిన్ 208కి వెళ్తుంది. నోటి ఆర్డర్ ఆపేసి చీటీ పెట్టండి. గది నంబరు 1, 2, 3 అంకెల్లోనే రాయాలి, అవి అందరికీ వచ్చు. ఐటమ్ పేర్లు ముందే అచ్చు వేయించి పక్కన టిక్ పెట్టేలా చేస్తే, ఏ లిపి వచ్చినా రాకపోయినా పని జరుగుతుంది.

లక్షణం: మధ్యాహ్నం నుంచి చేతులు ఆడవు, విసుగు, కస్టమర్లతో గొడవ

అన్నం ఎన్నింటికి తింటున్నారో చూడండి. పొద్దున ఆరుకి టీ తాగి వచ్చిన మనిషికి మూడున్నరకి మిగిలిన అన్నం పెడుతున్న చోట్లు ఎన్నో చూశాను. పదకొండున్నర లోపల విడతలుగా తినిపించండి. ఎండాకాలంలో ఒడియావాళ్ళకి పఖాళ, మనవాళ్ళకి చద్దన్నం, రెండూ దాదాపు ఒకటే వంట. ఉల్లిపాయ, వడియాలు పెడితే చాలు. కూర్చుని తినడానికి చోటు చూపించండి, గ్యాస్ సిలిండర్ల పక్కన నిలబెట్టి పెట్టకండి.

లక్షణం: ఎప్పుడు పిలిచినా మనిషి ఫ్లోరులో ఉండడు

రోజంతా వెనక నడిచి రాసుకున్న కాగితం చూసుకోండి. రాయగడలో ఒక చోట ఆరు గంటల్లో రూమ్ బాయ్‌ని ఏడుసార్లు బయటికి పంపారు. యజమాని పాన్‌కి, ఆయన తమ్ముడు రీచార్జ్‌కి, కొడుకు బిస్కెట్లకి, మేనేజరు బ్యాంకుకి. ఒక్కొక్కరికీ తాము ఒక్కసారే పంపినట్టు ఉంటుంది. రూమ్ బాయ్‌కి పని చెప్పేది సూపర్‌వైజర్ ఒక్కరే అని ఇంట్లోవాళ్ళందరికీ యజమాని చెప్పాలి. ఇంకెవరు చెప్పినా ఇంట్లోవాళ్ళు వినరు.

లక్షణం: పండగకి అందరూ ఒకేసారి మాయం

సంక్రాంతికి తెలుగువాళ్ళు వెళ్తారు, జూన్‌లో రజ పండక్కి ఒడియావాళ్ళు వెళ్తారు. రెండు భాషలవాళ్ళూ ఉంటే ఇది అదృష్టమే. ఒకరి పండక్కి ఇంకొకరు నిలబడేలా ఏడాది మొదట్లోనే సెలవుల కాగితం గోడకి అంటించండి. కాగితం మీద ఉన్న సెలవుని ఆఖరి నిమిషంలో రద్దు చెయ్యకండి. ఒక్కసారి రద్దు చేస్తే వచ్చే ఏడాది అడగకుండానే వెళ్ళిపోతారు.

మిగతావి

ఫోన్ చూస్తున్నారు, ఈకాలం పిల్లలకి ఒళ్ళు వంగదు, ఎవరో ఎగదోస్తున్నారు, దొంగలు చేరారు అని యజమానులు అంటుంటారు. ఇవి నిజమయ్యే సందర్భాలు లేకపోలేదు గానీ చాలా అరుదు, పైన చెప్పినవన్నీ అయ్యాకే వీటి గురించి ఆలోచించండి. స్టాఫ్ కోసం యాప్ కొనమని చెప్పేవాళ్ళు వస్తారు. 32 గదులకి పలక, పుస్తకం, పెన్ను చాలు.

ప్రతి నెలా ఒకటో తారీఖు రాత్రి పదింటికి దుప్పట్ల లెక్క మళ్ళీ చూడండి. ముందు నెల కంటే ఎన్ని తగ్గాయో అన్ని ఆ వారంలోనే కొనండి, పండగ సీజను దాకా ఆగకండి. రెండో ధోబీ నంబరు ఒకటి అల్మారా తలుపు లోపల అంటించి ఉంచండి. మీ ధోబీ ఇంట్లోనూ పెళ్ళిళ్ళుంటాయి, ఆ ముహూర్తాలు కూడా మీ లాడ్జీ నిండే రోజుల్లోనే వస్తాయి.